అంగట్లో ధర, గొంతులో గరుకు: ఎల్జా సోరెస్ రికార్డుల మీద ఒక చర్చ

బ్రెజిల్ గాయని ఎల్జా సోరెస్ 2022 జనవరి 20న, 91 ఏళ్ల వయసులో చనిపోయింది. ఆమె గురించి ఇప్పుడొక కథ ఖాయమైపోయింది. మొదట్లో సాంబా పాటలు పాడి జనాన్ని హుషారెక్కించిన వినోద గాయని. 2002 తర్వాత, మరీ ముఖ్యంగా 2015 తర్వాత, నల్లజాతి స్త్రీల పక్షాన నిలబడ్డ రాజకీయ గాయని. ఇదీ ఆ కథ. వినడానికి బాగానే ఉంది. కానీ దీన్ని ఒప్పుకుంటే 1960 నుంచి నలభై ఏళ్ల పాటు ఆమె చేసిన రికార్డులన్నీ ఉపోద్ఘాతం కింద జమ అయిపోతాయి. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. అణగారిన మనిషి కళలో మాటల్లో నిరసన కనిపిస్తేనే రాజకీయం ఉన్నట్టు, కనిపించకపోతే లేనట్టు తేలిపోతుంది. ఈ కొలబద్దనే మేము ఇక్కడ ప్రశ్నించదలచాం.

దళిత అధ్యయనాల పత్రికలో బ్రెజిల్ గాయని గురించి ఎందుకు అనే ప్రశ్న రావచ్చు. అమెరికా నల్లజాతి మేధావి డుబోయిస్‌కి అంబేద్కర్ 1946లో ఉత్తరం రాశారు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ తమ పేరునే నల్లవాళ్ల ఉద్యమం నుంచి తీసుకున్నారు. ఈ చూపు మనకు కొత్తది కాదు. అయితే మన చూపు ఉత్తర అమెరికా దగ్గరే ఆగిపోతోంది. అమెరికా ఖండాల్లో అన్నిటికంటే ఆఖరున, 1888 మే 13న బానిసత్వాన్ని రద్దు చేసిన దేశం బ్రెజిల్. రద్దు చేసింది గానీ విడుదలైన మనిషి చేతిలో భూమి పెట్టలేదు, బడి తలుపు తెరవలేదు. పైగా 1933లో జిల్బెర్తో ఫ్రెయ్రె రాసిన పుస్తకం దగ్గర్నుంచి, మా దేశంలో అన్ని జాతులూ కలిసిపోయాయి, మాకు జాతి వివక్ష లేదు అని చెప్పుకునే అలవాటొకటి బలపడింది. దానికి సాక్ష్యం ఏమిటంటే సాంబా, ఫుట్‌బాల్, కార్నివాల్ చూపిస్తారు. జాతి వేరు, కులం వేరు. రెంటినీ ఒకటి చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు. కానీ ‘ఇప్పుడు కులం ఎక్కడుందండీ’ అనే మాట రోజూ వినే మనకు ఆ సాక్ష్యాల పెట్టె లోపల ఏముందో చూడటం అవసరమే. ఎల్జా ఆ పెట్టెలోనే బతికింది. పాడింది సాంబా. కట్టుకున్నది ఫుట్‌బాల్ వీరుడు గారించాని.

ఎల్జా 1930లో రియో నగరంలో, పేదల గుడిసెవాడలో పుట్టింది. ఇలాంటి వాడల్ని అక్కడ ఫవేలా అంటారు. తల్లి ఇళ్లల్లో బట్టలుతికేది. పన్నెండేళ్లకే తండ్రి పెళ్లి చేసేశాడు. సబ్బుల ఫ్యాక్టరీలో పనిచేసింది. ఆకలికి బిడ్డల్ని పోగొట్టుకుంది. ఇరవై ఒక్క ఏటికే భర్త పోయాడు. 1953లో, జబ్బుపడ్డ బిడ్డకు మందుల డబ్బుల కోసం, రేడియో తూపీలో కొత్త గాయకుల పోటీకి వెళ్లింది. తనకు చాలా వదులైన తల్లి బట్టల్ని పిన్నీసులతో బిగించుకుని వెళ్లింది. పోటీ నడిపే ఆరీ బారోసో ఆ వాలకం చూసి, ఏ గ్రహం నుంచి దిగావని అడిగాడు. హాల్లో అందరూ నవ్వారు. మీ గ్రహం నుంచే, ఆకలి గ్రహం నుంచి, అని ఆమె జవాబు చెప్పింది. తర్వాత పాడి గెలిచింది. ఈ సంఘటన ఎన్నోసార్లు చెప్పబడింది. కానీ బారోసో ఎవరో చెప్పడం మరిచిపోతుంటారు. 1939లో బ్రెజిల్ ఘనతను కీర్తిస్తూ, దేశానికి దాదాపు రెండో జాతీయగీతమైపోయిన పాటను రాసింది ఆయనే. దేశాన్ని పొగిడే పాట రాసినాయన ఆ దేశపు మనిషిని ఏ గ్రహం దానివని అడిగాడన్నమాట.

ఇక రికార్డుల సంగతి. పాటల మాటలు మాకు అనువాదాల ద్వారా చేరాయి. గొంతు మాత్రం నేరుగా చేరింది. అందుకే మేము గొంతు దగ్గర మొదలుపెడుతున్నాం.

మొదటి ఎల్‌పీ 1960లో ఓడియన్ కంపెనీ విడుదల చేసింది. దాని పేరు ‘సె అకాజో వోసె షెగాసె’. ఆ పేరుగల పాట రాసింది లుపిసీనియో రొద్రీగెస్, ఫెలిస్‌బెర్తో మార్తిన్స్. అప్పటికే ఇరవై ఏళ్ల పాత పాట. ఎల్జా ఆ పాట మధ్యలో మాటలు వదిలేసి, గొంతును కింది నుంచి గీరినట్టు తీసి, ఇత్తడి బూరలతో పోటీపడుతుంది. జాజ్‌లో దీన్ని స్కాట్ అంటారు. వినగానే అందరూ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరెత్తారు. 1962లో చిలీలో ప్రపంచ కప్పు సమయంలో ఆర్మ్‌స్ట్రాంగ్ ఆమెను కలిసి మెచ్చుకున్నాడు కూడా. కానీ ఆ శబ్దం ఎక్కడిదని అడిగితే ఎల్జా చెప్పింది వేరు. చిన్నప్పుడు నీళ్ల డబ్బా నెత్తికెత్తుకునేటప్పుడు లోపల్నుంచి వచ్చే మూలుగే అది అంది. బరువెత్తే ఒంటికి తెలిసిన శబ్దం అది. విమర్శకులకు అది జాజ్ లాగా వినబడింది. ఆమెకు మాత్రం అది పని.

ఈ తేడా ఎంత పెద్దదో తెలియాలంటే అదే కంపెనీ, అదే కాలంలో అమ్మిన ఇంకో గొంతును పక్కన పెట్టి చూడాలి. 1959లో ఓడియన్ జొఆవ్ జిల్బెర్తో ఎల్‌పీ ‘షెగా దె సావుదాదె’ విడుదల చేసింది. బోసా నోవా అక్కడ మొదలైంది. మైకు దగ్గర చెవిలో చెప్పినట్టు పాడే పద్ధతి అది. జొఆవ్ బహియా నుంచి వచ్చినవాడే గానీ, ఆ పద్ధతి పెరిగింది కోపకబానా, ఇపనేమాల మధ్యతరగతి అపార్ట్‌మెంట్లలో. గుసగుసలాడాలంటే చుట్టూ నిశ్శబ్దం ఉండాలి. నిశ్శబ్దానికి గోడలు కావాలి. గుడిసెవాడలో ఆ వసతి లేదు. ఎల్జా రెండో ఎల్‌పీ పేరు ‘ఆ బోసా నెగ్రా’, అంటే నల్ల బోసా. పేరు కంపెనీ వ్యాపారం కోసమే పెట్టి ఉండొచ్చు. అయినా ఆ ఒక్క విశేషణంతో, పేరులో రంగు చెప్పని బోసాకి కూడా ఒక రంగుందని బయటపడిపోయింది.

అయితే గొంతు ఆమెదైనా, పాట ఎవరిది? ఇక్కడే చిక్కుంది. మొదటి ఎల్‌పీలోనే ‘ములాతా అసన్యాదా’ అనే పాట ఉంది. రాసినవాడు అతావుల్ఫో ఆల్వెస్, అతనూ నల్లవాడే. వయ్యారంగా నడిచే ఒక మిశ్రమజాతి స్త్రీని చూసి మోజుపడ్డ మగవాడి పాట. బానిసత్వం మళ్లీ వస్తే ఈమెను కొనుక్కుంటాను గదా అని అతను సరదాపడతాడు. బానిసత్వం రద్దయి డెబ్బై ఏళ్లు దాటాక, ఆ సరదాను ఒక బానిస వంశపు స్త్రీ నోటితో పాడించి కంపెనీ అమ్మింది. ఎల్జా దాన్ని హుషారుగానే పాడింది. ఆ హుషారులో రహస్య ధిక్కారం ఉందని మేము వాదించబోవడం లేదు. పీడితులు చేసిన ప్రతి పనిలోనూ తిరుగుబాటు వెతకడం కూడా ఒకరకంగా వాళ్లని మనుషులుగా చూడకపోవడమే. బియ్యం కావాలి, పాడింది. తర్వాతి కాలంలో నల్లజాతి స్త్రీవాది లేలియా గొన్సాలెస్ రాసినట్టు, కార్నివాల్ నాడు పూజలందుకునే ‘ములాతా’, మిగతా ఏడాదంతా ఇళ్లల్లో పనిచేసే పనిమనిషి ఒకే స్త్రీ. పొగడ్తా, చాకిరీ ఒకే నాణేనికి రెండు ముఖాలు. ఎల్జా తొలి రికార్డులు ఆ నాణేన్ని చెల్లించి కొన్నవే.

అదే 1960లో ఇంకో నల్ల స్త్రీ బ్రెజిల్‌ని కదిలించింది. సావో పావ్లో ఫవేలాలో చిత్తుకాగితాలు ఏరుకుని బతికిన కరోలినా మరియా దె జెసూస్ డైరీ పుస్తకంగా వచ్చింది. నిండా ఆకలే. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. మరుసటి ఏడు ఆమె తన సొంత పాటలతో ఒక ఎల్‌పీ కూడా చేసింది. అది మాత్రం మరుగున పడిపోయింది. దీన్నిబట్టి మార్కెట్టు నియమం అర్థమవుతుంది. రాసే నల్ల స్త్రీ ఆకలి గురించే రాయాలి, పాడితే ఎవరికీ అక్కర్లేదు. పాడే నల్ల స్త్రీ సరదాగానే పాడాలి, ఆకలి ఊసెత్తకూడదు. ఆకలి గ్రహం నుంచి వచ్చానన్న మనిషి ఎల్‌పీకి ‘ఆకలి గ్రహం’ అని పేరు పెట్టుకోవడానికి 2019 దాకా ఆగాల్సి వచ్చింది.

1960లలోని రికార్డులన్నీ ఒక్క స్థాయివి కావు. కంపెనీ అడిగిందల్లా ఏడాదికో ఎల్‌పీ. గాయకుడు మిల్తిన్యోతో కలిసి 1967 నుంచి 1969 దాకా చేసిన మూడు ఎల్‌పీల్లో పాటల ముక్కల్ని వరసగా కుట్టేశారు. పార్టీలకు పనికొస్తాయి, గొంతు విరుచుకోవడానికి చోటు లేదు. వాటి మధ్యలోనే 1968లో డ్రమ్మర్ విల్సన్ దాస్ నెవెస్‌తో చేసిన ఎల్‌పీ ఉంది. ఆమె రికార్డుల్లో మొదటి వరసలో పెట్టాల్సింది ఇది. అట్టమీద ఆమె పేరుతో పాటు డ్రమ్మర్ పేరూ ఉంది. వెనకాల వాయించేవాడని వదిలేయకుండా జతగాడిగా పేరు వేయడం ఆనాటి సాంబా రికార్డుల్లో అరుదు. పాటలు చాలావరకు అందరికీ తెలిసినవే, ఇపనేమా అమ్మాయి పాటతో సహా. కానీ ఇక్కడ గొంతు, డ్రమ్ము మాటకు మాట చెప్పుకుంటాయి. తాళం ఎక్కడ పడుతుందో అనుకుంటామో అక్కడ పడదు. సముద్రపు ఒడ్డున నడిచే అమ్మాయిని దూరం నుంచి చూసి నిట్టూర్చే ఆ మెత్తటి పాట ఈ ఇద్దరి చేతుల్లో గట్టి నేలమీద నడుస్తుంది. ‘ములాతా అసన్యాదా’ ఇందులోనూ ఉంది. మాట మారలేదు. కానీ వినేవాడికి ఈసారి కొనేవాడి మోజు కన్నా పాడేదాని పనితనమే ముందు తగులుతుంది. రాజకీయం అంటే ఇదేనని అనం. ఇది కూడా అని మాత్రం అంటాం.

ఈలోగా బయట ఏం జరుగుతోంది? పెళ్లయిన గారించాతో సంబంధం పెట్టుకుందని పత్రికలూ, జనమూ ఆమెను కాపురాలు కూల్చే మనిషన్నారు. తప్పు ఇద్దరిదనుకున్నా, తిట్లు మాత్రం ఆమెకొక్కదానికే వచ్చాయి. తాగిన గారించా చేతి దెబ్బలు జీవితచరిత్రల్లో నమోదైనవే. 1969లో గారించా నడుపుతున్న కారు ప్రమాదంలో ఆమె తల్లి చనిపోయింది. సైనిక పాలన కాలంలో, ఇంటిమీద కాల్పులు జరిగాక, 1970లో కుటుంబం ఇటలీ వెళ్లిపోయింది.

తిరిగొచ్చాక 1972లో చేసిన ‘ఎల్జా పెదె పసాజెం’ మళ్లీ మొదటి వరస రికార్డు. పేరుకి అర్థం ఎల్జా దారి అడుగుతోందని. సంగీతం కూర్చింది నల్లజాతి పియానో కళాకారుడు దోమ్ సల్వదోర్. సాంబాలోకి అమెరికా నల్లవాళ్ల సోల్, ఫంక్ సంగీతం కలిసింది. అదే ఏడాది రొబెర్తో రిబెయ్రోతో చేసిన ఎల్‌పీ పేరు ‘రక్తం, చెమట, జాతి’. మాటల్లో నినాదాల్లేవు. కానీ నల్లదనం గురించి దాపరికం పోయింది. వినోద గాయని, రాజకీయ గాయని అనే విభజన ఈ రికార్డుల దగ్గరే కూలిపోతుంది. తర్వాత తపెకార్ అనే చిన్న కంపెనీలో చేసిన ఎల్‌పీల్లో ఆమె కార్నివాల్ సాంబా బళ్లకు దగ్గరైంది. కొత్తవాళ్ల పాటలు తీసుకుంది. జోర్జె అరగావ్ అనే యువకుడి ‘మలాంద్రో’ పాటను 1976లో ఆమె పాడాకే అతని పేరు జనానికి తెలిసింది. తనకు దారి ఇవ్వమని అడిగిన మనిషి ఇంకొకరికి దారి ఇచ్చిందన్నమాట. చరిత్రలో ఈ పని లెక్కలోకి రాలేదు.

1980లు ఎండిపోయిన కాలం. కంపెనీలు పిలవలేదు. పాడటం మానేద్దామనుకున్న రోజుల్లో 1984లో కయెతానో వెలోజో తన ఎల్‌పీలో ‘లింగువా’ అనే పాటకు పిలిచాడు. 1985లో ‘మనమంతా సమానులమే’ అనే పేరుతో ఎల్‌పీ చేసింది. పేరంత బలం పాటల్లో లేదు. ఆనాటి కీబోర్డు మోతలో గొంతు మునిగిపోయింది. 1986లో గారించా వల్ల కలిగిన తొమ్మిదేళ్ల కొడుకు కారు ప్రమాదంలో చనిపోయాడు. తర్వాత చాలాకాలం దేశం వదిలి తిరిగింది.

2002లో వచ్చిన ‘తోకెముక నుంచి మెడ దాకా’ అనే ఆల్బం ఆమెను తిరిగి నిలబెట్టింది. జొజె మిగెల్ విజ్నిక్ దీనికి దర్శకుడు. షికో బువార్కె, కయెతానో లాంటి పెద్దవాళ్లు పాటలిచ్చారు. అయితే జనంలో నిలిచింది ‘ఆ కార్నె’, అంటే మాంసం. సేవ్ జోర్జె, మార్సెలో యూకా, ఉలిసెస్ కాపెలెట్టి రాసిన ఈ పాటను 1998లోనే ఫరోఫా కరియోకా అనే బృందం పాడింది. అంగట్లో నల్లవాళ్ల ఒంటికి ఎంత తక్కువ ధర కడతారో, జైళ్లకూ పిచ్చాసుపత్రులకూ ఆ ఒళ్లు ఎంత తేలిగ్గా పోతుందో చెప్పే పాట. ఎల్జా పాడాకనే ఇది ఉద్యమాల పాటయింది. ఎందుకు? 1960లో కొనేవాడి సరదాను పాడిన గొంతే ఇప్పుడు అమ్ముడుపోయిన మాంసం తరఫున మాట్లాడుతోంది. ‘ములాతా అసన్యాదా’ తెలిసిన చెవికి ఈ పాట నలభై రెండేళ్ల తర్వాత ఇచ్చిన జవాబులా వినిపిస్తుంది. పాత రికార్డుల్ని వినోదమని పక్కన పెట్టేవాళ్లకి ఈ జవాబు సగమే వినబడుతుంది.

2015 నాటి ‘ప్రపంచం చివరి స్త్రీ’ గురించి చాలా రాశారు. 2016లో లాటిన్ గ్రామీ కూడా వచ్చింది. గిలెర్మె కాస్త్రుప్ నిర్మాణంలో సావో పావ్లో యువ సంగీతకారులు ఆమె కోసమే కొత్త పాటలు రాశారు. అన్నీ కొత్త పాటలే ఉన్న మొదటి ఆల్బం ఆమెకు ఎనభై అయిదో ఏట దక్కింది. పదునైన గిటార్లు, విరిగిన తాళాలు. వయసుతో చిట్లిన గొంతును అవి కప్పిపుచ్చవు. ‘మరియా ద విలా మచిల్దె’ పాటలో కొట్టిన మగవాణ్ని స్త్రీ హెచ్చరిస్తుంది, 180కి ఫోన్ చేస్తానంటుంది. అది బ్రెజిల్‌లో స్త్రీల సహాయ నంబరు. దెబ్బలు తిన్న మనిషి ఎనభై దాటాక దాన్ని ఏడుస్తూ కాదు, ఎగతాళిగా పాడింది. ఆ ఎగతాళి 1960 నుంచి ఆమె దగ్గరున్న సొత్తే. ఈ రికార్డు గొప్పదని మేమూ ఒప్పుకుంటాం. కానీ ఒక ప్రశ్న ఉంది. పాటలు రాసినవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. నల్ల స్త్రీ బాధను రాసిచ్చినవాళ్లు వేరు, పాడింది ఆమె. అంటే పాత ఏర్పాటు పూర్తిగా మారలేదు. రాసిచ్చే వస్తువు మారింది. విమర్శకులు 1960ని కంపెనీ చేతిలో బొమ్మ అని, 2015ని విముక్తి అని రాసినప్పుడు ఈ సంగతి దాటేశారు.

2018లో వచ్చిన ‘దేవుడు స్త్రీ’లో ఈ విషయంలో ఒక అడుగు ముందుకుపడింది. తులిపా రూయిజ్ రాసిన పాటలో స్త్రీల డోలు బృందం ఇలు ఒబా దె మిన్ వాయించింది. 2019 నాటి ‘ఆకలి గ్రహం’ బొల్సొనారో ప్రభుత్వపు మొదటి ఏడాది వచ్చింది. అందులో రఫాయెల్ మైక్‌తో పాడిన పాట ఒకటి ‘ఆ కార్నె’కి నేరుగా జవాబు. ఆ మాంసం ఇక ఊరికే దొరకదని చెప్పడం దాని సారం. 1960లో కొనేవాడి సరదా, 2002లో ధర మీద ఆరోపణ, 2019లో అమ్మకం రద్దు. ఈ మూడూ ఒక్క గొంతులో జరిగాయి. అయితే ఈ ఆల్బంలో కొన్నిచోట్ల మాటే అంతా చెప్పేస్తుంది, గొంతుకు పని మిగలదు. సభలో చప్పట్లు కొట్టించే పాటకు, ఇంటికొచ్చాక మళ్లీ వినిపించే పాటకు తేడా ఉంటుంది. మనవాళ్ల పక్షాన ఉన్న పాట కదా అని ఈ తేడా చెప్పకపోతే మనం చేసేది విమర్శ కాదు, మొహమాటం.

ఆఖరి ఆల్బం ‘అసహనపు కాలంలో’ ఆమె పోయాక 2023 జూన్‌లో వచ్చింది. ఎక్కువ పాటల్లో ఆమె సొంత రాత ఉంది. నోటు పుస్తకాల్లో రాసిపెట్టుకున్న మాటలు పాటలయ్యాయి. మొదటి రికార్డు నుంచి లెక్కేస్తే కలం ఆమె చేతికి రావడానికి అరవై ఏళ్లు దాటింది, అదీ చనిపోయాక. దీన్ని ఆఖరి విజయం అనడానికి మాకు నోరు రావడం లేదు. అరవై ఏళ్లు గొంతుకు చెల్లించి, మాటను పట్టించుకోని పరిశ్రమ లెక్కను కూడా ఇది బయటపెడుతోంది.

ఇందులోంచి మనకు తేలేదేమిటి? మన దళిత విమర్శ మాటను పట్టుకుని ఎదిగింది. అది అవసరమైన పనే. మాటనే మన దగ్గర్నుంచి లాక్కున్నారు గనక. 1995లో ‘చిక్కనవుతున్న పాట’, 1996లో ‘పదునెక్కిన పాట’ వచ్చాయి. పేర్లలో పాట ఉన్నా అవి కాగితం మీది కవితలు. మరి నిజంగా పాడిన వాళ్ల సంగతి? నాట్లలో, కోతల్లో, దంపుళ్లలో మన తల్లులు పాడిన పాటల్ని సేకరించిన పుస్తకాలు విశ్వవిద్యాలయాల లైబ్రరీల్లో ఉన్నాయి. మాలాగా ఇంట్లో మొదటిసారి ఆ లైబ్రరీ గడప తొక్కినవాళ్లు వాటిని తెరిస్తే మాట కనబడుతుంది. ఎక్కడ ఊపిరి తెగింది, ఎక్కడ గొంతు గీరుకుంది, ఏ చరణం దగ్గర నడుం వంగింది అన్నది కనబడదు. మాటలో నిరసన లేదు గనక అది శ్రామిక వినోదం అని ఒక వర్గీకరణ, ఉంది గనక చైతన్య గీతం అని ఇంకో వర్గీకరణ. ఎల్జాను రెండు ముక్కలు చేసిన కత్తి ఇదే.

అందుకని పాటను చర్చించేటప్పుడు మూడు ప్రశ్నలు కలిపి అడగాలని మా ప్రతిపాదన. మాట ఎవరు రాశారు? గొంతుకు ధర ఎవరు కట్టారు? మాటకు లొంగకుండా ఆ గొంతు ఏం మిగుల్చుకుంది? మూడోది అడగకపోతే ఎల్జా 2002లో పుట్టినట్టే లెక్క. అడిగితే, 1960లో మాటలు ఆగిపోయిన ఆ నాలుగు క్షణాల్లో నీళ్ల డబ్బా ఎత్తిన మూలుగు వినబడుతుంది. ఆ మూలుగును ఎవరూ రాసివ్వలేదు, ఏ కంపెనీ అడగలేదు. మన ఊళ్లల్లో అలా పాడినవాళ్లు ఇంకా కొందరు బతికే ఉన్నారు. మాటలు రాసుకొచ్చి ఊరుకోకుండా, వాళ్ల గొంతుల్ని వాళ్ల పేర్లతోనే రికార్డు చేసే పని మన పరిశోధనలో వెంటనే మొదలుకావాలి.